గేర్ మీద సున్నా, ఇంజన్‌లో 3: నా ఎవోకి క్యామ్ టైమింగ్ కట్టిన కథ

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానిక్‌ని కాదు. డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండు కార్లు పట్టే గరాజ్, ఒక పక్క మా ఆవిడ కారు, రెండో పక్క నా 2003 మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 8, అంటే ఎవో. పుట్టి పెరిగింది బెజవాడ. 1998లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు తిరువళ్ళూరులో లాన్సర్ తయారు చేయడం మొదలుపెట్టాక, బెంజి సర్కిల్ దగ్గర ఒక లాన్సర్ సిగ్నల్ పడి ఆగితే సైకిల్ దిగి చుట్టూ తిరిగి చూసిన బ్యాచ్ నాది. దాని పెట్రోల్ ఇంజన్ 1.5 లీటర్లే. అదే పేరుతో 2 లీటర్ల టర్బో కారు ఒకటి వేరే దేశాల్లో తిరుగుతోందని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. తెలిశాక మనసు ఆగలేదు, అంతే.

కారు నా చేతికి వచ్చేసరికే పాత ఓనరు కొన్ని పనులు చేయించి ఉన్నాడు. హెడ్ గ్యాస్కెట్ పోతే హెడ్ (ఇంజన్ పై భాగం) విప్పించి ఫేసింగ్ కొట్టించాడు, అంటే దాని అడుగు కోసి చదును చేయించాడు, పనిలో పనిగా 272 డ్యూరేషన్ (వాల్వు ఎన్ని డిగ్రీల సేపు తెరిచి ఉంటుందో ఆ లెక్క) ఉన్న క్యామ్‌లు, రెండు అడ్జస్టబుల్ క్యామ్ గేర్లు వేయించాడు. క్యామ్ అంటే వాల్వుల్ని తెరిచి మూసే షాఫ్ట్, ఈ గేర్లతో దాన్ని కాస్త ముందుకీ వెనక్కీ జరపొచ్చు. టర్బో మాత్రం ఫ్యాక్టరీదే. అమ్మేటప్పుడు "పైన బాగా లాగుతుంది" అన్నాడు, నిజమే, పైన లాగుతుంది. కానీ కింద ఏమీ లేదు. మామూలు ఎవో 8 అయితే 3,500 ఆర్‌పీఎం దగ్గరికి వచ్చేసరికి ఫుల్ బూస్ట్ (టర్బో ఇంజన్లోకి తోసే గాలి ఒత్తిడి) చేతికిస్తుంది, నాది 4,200 దాకా నిద్రపోయి అప్పుడు లేచి తన్నేది. సిగ్నల్ దగ్గర పక్కన వచ్చి ఆగిన మినీ వ్యాన్ కూడా మొదటి 50 అడుగులు నాకంటే ముందుండేది. పెద్ద క్యామ్‌లు వేస్తే కింద కొంచెం పోతుందని అందరికీ తెలుసు, కానీ ఇంత పోకూడదు.

క్యామ్ గేర్లు ఎక్కడ పెట్టాలని అడిగితే అందరూ తలా ఒక అంకె చెప్పారు. ఇంటేక్ అంటే గాలి లోపలికి వచ్చే వైపు క్యామ్, ఎగ్జాస్ట్ అంటే పొగ బయటికి పోయే వైపుది; ప్లస్ అంటే ముందుకి, మైనస్ అంటే వెనక్కి. ఇంటేక్ ప్లస్ 1, ఎగ్జాస్ట్ మైనస్ 2 పెట్టు అని ఒకరు, రెండూ సున్నా మీద వదిలెయ్ అని ఒకరు, ఎగ్జాస్ట్ మైనస్ 4 పెడితే దుమ్ము లేచిపోద్ది అని ఇంకొకరు. ఆ ప్లస్సులూ మైనస్సులూ క్యామ్ డిగ్రీలా, క్రాంక్ (పిస్టన్లు తిప్పే కింది షాఫ్ట్) డిగ్రీలా అని తిరిగి అడిగితే సగం మంది దగ్గర జవాబు లేదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది కాబట్టి క్యామ్ దగ్గర 1 డిగ్రీ అంటే క్రాంక్ దగ్గర 2. నా గేర్ మీద ఉన్న ఒక్కో గీత 2 క్రాంక్ డిగ్రీలు. ఇది తెలియకుండా ఎవరో చెప్పిన 4 పెట్టేస్తే అది 8 అయ్యే ప్రమాదం ఉంది, ఈ ఇంజన్‌లో అది చిన్న విషయం కాదు. నేను ఇక్కడ రాసేవన్నీ క్రాంక్ డిగ్రీలే.

అసలు క్యామ్ అటూ ఇటూ తిప్పితే ఏమవుతుందో నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను. పెళ్ళిలో బంతి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. మొదటి బంతి వాళ్ళు లేచి వెనక తలుపులోంచి చేతులు కడుక్కోవడానికి పోతుంటే, ముందు తలుపులోంచి రెండో బంతి వాళ్ళు లోపలికి వస్తుంటారు. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండే ఆ కాసేపే ఓవర్‌ల్యాప్. మామూలు ఇంజన్‌లో బయటికి పోయేవాళ్ళు ఊపుగా పోతారు, ఆ ఊపుకి ఖాళీ అయిన చోటికి కొత్తవాళ్ళు ఇంకా జోరుగా వస్తారు, కాబట్టి ఓవర్‌ల్యాప్ మంచిదే. టర్బో ఇంజన్‌లో వెనక తలుపు బయట ఒక ఇరుకు సందు ఉంది, అదే టర్బైన్. సందులో జనం ఇరుక్కుపోతే వెనకవాళ్ళు తిరిగి పందిట్లోకే వచ్చేస్తారు. ఎంగిలి విస్తరాకుల దగ్గర కొత్తవాళ్ళు కూర్చోవాల్సి వస్తుంది. అంటే కాలిన పొగే మళ్ళీ సిలిండర్‌లోకి వస్తుంది, కొత్త గాలికి చోటు తగ్గుతుంది, ఉన్న గాలి వేడెక్కుతుంది, నాక్ వస్తుంది, అంటే లోపలి పెట్రోలు తనంతట తానే పేలినట్టు మండుతుంది.

ఇంటేక్ క్యామ్‌ని ముందుకి జరిపితే (అడ్వాన్స్) ఆ వాల్వు ముందే తెరుచుకుని ముందే మూసుకుంటుంది. ముందే మూసుకోవడం వల్ల తక్కువ స్పీడ్‌లో పిస్టన్ పైకొచ్చేటప్పుడు లోపలి గాలి వెనక్కి పోదు, కింద టార్క్ పెరుగుతుంది, దాంతో పాటే నాక్ భయమూ పెరుగుతుంది. ఎగ్జాస్ట్‌ని ముందుకి జరిపితే ఓవర్‌ల్యాప్ తగ్గుతుంది, పైగా వాల్వు ముందే తెరుచుకోవడంతో ఇంకా ఒత్తిడి మిగిలి ఉన్న వేడి పొగ టర్బైన్ మీద పడి అది తొందరగా తిరుగుతుంది. మరీ ముందుకి తీసుకెళ్తే పిస్టన్‌ని తోయాల్సిన శక్తిని ముందే బయటికి వదిలేసినట్టే. రెండు క్యామ్‌లనీ సమానంగా ముందుకి జరిపితే ఓవర్‌ల్యాప్ మారదు, మిగతావన్నీ మారతాయి. ఈ ఒక్క వాక్యం అర్థం కావడానికి నాకు రెండు వారాలు, నాలుగు కాగితాలు పట్టాయి.

రాత్రి 10కి మా బాబాయ్‌కి ఫోన్ చేశాను, ఆయనకి అప్పుడు పొద్దున 8:30. జవహర్ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా లేలాండ్ లారీ ఇంజన్లు విప్పి కట్టిన మనిషి. డీజిల్ పంపు టైమింగ్‌ని గొట్టంలోంచి పడే చుక్క ఆగే క్షణం చూసి కట్టేవాడు, మిషన్ లేదు, లైటు లేదు. నా కథంతా విని ఒక్కటే అడిగాడు.

"ఒరేయ్, ఆ సున్నా నిజంగా సున్నానేనా?"

"గేర్ మీద గీత ఉంది కదా బాబాయ్."

"గీత ఎవడో గీశాడు. హెడ్ ఇంకెవడో కోశాడు. నువ్వు పిస్టన్‌ని అడిగావా?"

అడగలేదు. అప్పటిదాకా నేను చేసిందల్లా గేర్ గీతని నమ్మడమే. టైమింగ్ బెల్టు ఎలాగూ 60,000 మైళ్ళకి మార్చాలి, నా కారు 58,000 దగ్గర ఉంది, కాబట్టి బెల్టు మార్చేటప్పుడే కొలిచేద్దాం అని లాంగ్ వీకెండ్ ఒకటి చూసుకుని మొదలుపెట్టాను. మా ఆవిడ గరాజ్‌లోకి వచ్చి, పరిచిన అట్టముక్కల మీద వరసగా పెట్టిన బోల్టుల్ని చూసి, "సోమవారం ఆఫీసుకి నా కారు అడగకండి" అని చెప్పి వెళ్ళిపోయింది. మంగళవారం కూడా అడిగాను, అది వేరే సంగతి.

కొలవడంలో ఈ 4జీ63 ఇంజన్‌తో ఒక చిక్కుంది. ఇందులో టాపెట్ సెట్టింగ్ ఉండదు, ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ అడ్జస్టర్లు ఉంటాయి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు చేత్తో తిప్పి వాల్వు ఎంత కదిలిందో డయల్ గేజ్‌తో చూద్దామంటే, ఆ అడ్జస్టర్ నెమ్మదిగా కుంగుతూ ఉంటుంది, గేజ్ చెప్పేది అబద్ధం. అందుకని బెల్టు తీశాక క్యామ్‌లు కూడా పైకి లేపి, 1వ సిలిండర్‌కి రెండు పాత అడ్జస్టర్లని లోపల వాషర్లు పెట్టి కదలకుండా చేసి కూర్చోబెట్టాను. కొలిచాక మళ్ళీ క్యామ్‌లు లేపి అసలువి పెట్టాలి. అంటే ఒకే పని రెండుసార్లు. ఈ అడ్జస్టర్ల సంగతి నాకు ముందే ఎవరూ చెప్పలేదు, మొదటి రోజంతా అబద్ధపు అంకెలు రాసుకున్నాక గానీ అర్థం కాలేదు.

క్యామ్‌లు లేవు కాబట్టి వాల్వులన్నీ మూసుకుని ఉంటాయి, క్రాంక్‌ని ఎటు తిప్పినా ఏదీ తగలదు. పిస్టన్ అసలు పై అంచు, అంటే టీడీసీ, కనుక్కోవడానికి అదే మంచి సమయం. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించి, క్రాంక్ మీద డిగ్రీ చక్రం పెట్టి, ఒక పక్కకి మెల్లగా తిప్పితే పిస్టన్ వచ్చి ఆనుతుంది, ఆ అంకె రాసుకోవాలి. రెండో పక్కకి తిప్పి మళ్ళీ ఆనినప్పుడు ఇంకో అంకె. రెండింటికీ సరిగ్గా మధ్యది అసలు టీడీసీ. చూస్తే ముందు పుల్లీ మీది మార్కుకీ దీనికీ 1 డిగ్రీ తేడా. ఆ పుల్లీలో లోపలి ముక్కకీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది, ఏళ్ళు గడిస్తే బయటి రింగు జారొచ్చు. మార్కు దాని మీదే ఉంటుంది. సున్నా గురించి బాబాయ్ అన్న మాట అసలు కొలత మొదలుపెట్టగానే నిజమైంది.

తర్వాత క్యామ్‌లు పెట్టి, కొత్త బెల్టు వేసి, ఇంటేక్ వాల్వు మీద డయల్ గేజ్ పెట్టాను. లోబ్ (వాల్వుని తోసే క్యామ్ ఉబ్బు) పైభాగం కొంచెం చదునుగా ఉంటుంది కాబట్టి సరిగ్గా ఎక్కడ గరిష్ఠమో కంటితో చెప్పలేం. అందుకే గరిష్ఠానికి 1.27 మిల్లీమీటర్ల ముందు ఒక రీడింగ్, దాటాక అంతే కిందికి వచ్చినప్పుడు ఇంకో రీడింగ్ తీసుకుని మధ్యది చూస్తారు. నాకు వచ్చినవి టీడీసీ తర్వాత 71, 155. మధ్యది 113. క్యామ్‌తో పాటు వచ్చిన కార్డులో ఉన్నది 110. అంటే గేర్ సున్నా చూపిస్తుంటే ఇంటేక్ క్యామ్ లోపల 3 డిగ్రీలు ఆలస్యంగా నడుస్తోంది. ఎగ్జాస్ట్ కూడా కొలిచాను, టీడీసీకి 112 ముందు ఉండాల్సింది 111 దగ్గర ఉంది, 1 డిగ్రీ ఆలస్యం. నమ్మబుద్ధి కాక మూడుసార్లు కొలిచాను, ప్రతిసారీ క్రాంక్‌ని ఒకే దిక్కుకి తిప్పుతూ. వెనక్కి తిప్పితే బెల్టు వదులు వల్ల అంకె మారిపోతుంది, పైగా బెల్టుని బిగుతుగా ఉంచే టెన్షనర్‌కి మంచిది కాదు.

హెడ్ ఫేసింగ్ కొట్టడం వల్లే అనుకున్నాను మొదట. హెడ్ కోస్తే క్యామ్‌లు క్రాంక్‌కి దగ్గరవుతాయి, లాగే వైపు బెల్టు పొడవు మాత్రం అంతే ఉంటుంది కాబట్టి క్యామ్ వెనకబడుతుంది. కానీ లెక్క వేసి చూస్తే పొసగలేదు. పావు మిల్లీమీటరు కోశారనుకున్నా, గేర్ వ్యాసార్థం 60 మిల్లీమీటర్ల దాకా వేసుకుంటే, వచ్చేది క్రాంక్ దగ్గర అర డిగ్రీ. మిగతాదంతా క్యామ్ చివర డోవెల్ పిన్ను (గేర్ సరైన చోట కూర్చునేలా పట్టే చిన్న పుల్ల), గేర్ రంధ్రం, క్యామ్ కోతలో చిన్న చిన్న తేడాలు కలిసి వచ్చిందే అయ్యుండాలి. రెండు క్యామ్‌ల ఆలస్యమూ ఒకేలా లేకపోవడం కూడా అదే చెప్తోంది. ఒకే కంపెనీ గేర్లు, ఒకే క్యామ్‌లు ఉన్న ఇంకో కారులో ఈ అంకెలు వేరేగా ఉంటాయి. "ప్లస్ 1, మైనస్ 2 పెట్టు" అని చెప్పినవాళ్ళ సున్నా ఎక్కడుందో వాళ్ళకే తెలియదు, ఇక నా కారుకి అది ఎలా సరిపోతుంది?

ఇక్కడ ఒక గండం తప్పింది, అది చెప్పాలి. కొలతలయ్యాక అసలు అడ్జస్టర్లు పెట్టడానికి మళ్ళీ బెల్టు తీశాను కదా, తిరిగి వేసేటప్పుడు రాత్రి పదకొండు. ఈ ఇంజన్‌లో రెండు క్యామ్ గేర్ల మార్కులూ ఎదురెదురుగా కలవాలి, వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి అవి ఆ స్థితిలో నిలబడవు, వదిలితే టక్కున తిరిగిపోతాయి. అందుకని కాగితాలకి పెట్టే పెద్ద బైండర్ క్లిప్పులతో బెల్టుని గేర్లకి పట్టి ఉంచుతారు. నేనూ పెట్టాను. టెన్షనర్ పిన్ను లాగాను, క్లిప్పులు తీశాను, అంతా బాగానే ఉందనిపించింది. నిద్ర ముంచుకొస్తోంది, స్టార్ట్ చేసేద్దామా అనుకున్నాను. ఎందుకో చేత్తో రెండు చుట్లు తిప్పి చూద్దామని రాట్చెట్ పెట్టి తిప్పితే, మార్కులు కలవలేదు. ఇంటేక్ గేర్ సరిగ్గా ఒక పన్ను వెనక్కి ఉంది. క్లిప్పు పెట్టేలోపే జారి ఉంటుంది.

ఈ ఇంజన్‌లో టైమింగ్ బాగా తప్పితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి, 16 వాల్వులకీ హెడ్ దించాల్సిందే. ఒక పన్నుకే తగిలేదని చెప్పలేను గానీ, స్టార్టర్ మోటార్‌తో ఆ ప్రయోగం చేసే ఓపిక నాకు లేదు. లైటు ఆర్పేసి వెళ్ళి పడుకున్నాను. తెల్లారి మళ్ళీ మొదటి నుంచీ కట్టాను, ఇంజన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌తో సహా. దానికో తమాషా ఉంది, ఆయిల్ పంపు గేర్ మార్కు కలిసినట్టే కనిపిస్తుంది గానీ ఆ గేర్ ఒక చుట్టు తేడాగా ఉండి షాఫ్ట్ తప్పు చోట ఉండొచ్చు. బ్లాకుకి ఉన్న ప్లగ్ తీసి ఆ రంధ్రంలో స్క్రూడ్రైవర్ దూరిస్తే 60 మిల్లీమీటర్ల లోపలికి పోవాలి, సగంలోనే ఆగితే తప్పు కట్టినట్టు. ఇది సరిచూడకపోతే ఇంజన్ పాడవదు, కానీ స్టీరింగ్ పట్టుకుంటే చేతులు జిల్లుమంటాయి. చివరికి రెండు చుట్లు, ఇంకో రెండు చుట్లు తిప్పి, కాసేపాగి, టెన్షనర్ రాడ్ ఎంత బయటికి ఉందో చూసి అప్పుడు తాళం పెట్టాను.

ఇంటేక్ గేర్‌ని గీతన్నర ముందుకి, ఎగ్జాస్ట్‌ని అర గీత ముందుకి పెట్టాను, అంటే కార్డులో చెప్పిన చోటికి తెచ్చానంతే, కొత్తగా ఏమీ చేయలేదు. ఇదే నా అసలు సున్నా. మా ఆవిడ గోళ్ళ రంగు సీసా తెచ్చి, గేర్ మీద అక్కడ చిన్న ఎర్ర చుక్క పెట్టాను (అడిగే తెచ్చాను). రోడ్డు మీదకి తీసుకెళ్తే తేడా తెలిసిపోయింది. కారు రీడింగులు రాసుకునే ఎవోస్కాన్‌ సాఫ్ట్‌వేర్‌లో లాగ్ తీస్తే ఫుల్ బూస్ట్ 4,200 నుంచి 4,000కి వచ్చింది. ఒక్క పైసా పార్టు కొనకుండా, ఉన్నదాన్ని ఉండాల్సిన చోట పెడితేనే 200 ఆర్‌పీఎం!

డైనోకి (చక్రాల దగ్గర పవర్ కొలిచే యంత్రం) వెళ్ళేముందు ఇంకొకటి కొలిచాను. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి ఒక చిన్న నట్టు వెల్డింగ్ చేయించి, దాన్నుంచి చుట్టలు చుట్టిన పొడుగాటి రాగి గొట్టం వేసి చివర ప్రెషర్ గేజ్ పెట్టాను. గొట్టం పొడుగ్గా లేకపోతే వేడికి గేజ్ కరిగిపోతుంది. 6,500 దగ్గర ఇంటేక్‌లో బూస్ట్ 20 పీఎస్ఐ ఉంటే, ఎగ్జాస్ట్ వైపు 34 ఉంది. పందిరి వెనక సందు ఎంత ఇరుకో అప్పుడు అంకెల్లో కనబడింది. ఇంత ఒత్తిడి వెనక పెట్టుకుని ఓవర్‌ల్యాప్ పెంచితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అయినా ఊరికే ఊహించడం ఎందుకు, విన్న అంకెని కూడా ఒకసారి పెట్టి చూద్దాం అనుకున్నాను.

డైనో రోజు శనివారం. గంటకింత అని తీసుకుంటారు, కాబట్టి గేర్ మార్చేటప్పుడు నిమిషాలన్నీ డబ్బులే. బెల్టు తీయక్కర్లేదు, పై కవర్ తీస్తే చాలు. క్యామ్ మీద ఉన్న ఆరు మూలల భాగాన్ని పాన పెట్టి కదలకుండా పట్టుకుని, గేర్ మీది ఐదు చిన్న బోల్టులు వదులు చేసి, క్యామ్‌ని కావాల్సినంత తిప్పి, మళ్ళీ టార్క్ రించితో బిగించడం. వేడి ఇంజన్ మీద చేయాలి, చల్లారే దాకా ఆగితే రీడింగులు పోల్చలేం. మోచేతి దగ్గర ఇప్పటికీ ఒక మచ్చ ఉంది. నా కారులో ఇగ్నిషన్ క్రాంక్ సెన్సర్‌ని బట్టి నడుస్తుంది కాబట్టి గేర్ తిప్పినా అది మారదు. మొదటి తరం మజ్డా మియాటా లాంటి వాటిలో సెన్సర్ క్యామ్ చివరనే ఉంటుంది, అక్కడ ఆ క్యామ్‌ని తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్ కూడా కలిసి జరిగిపోతుంది, టైమింగ్ లైట్‌తో మళ్ళీ సరిచేసుకోవాలి. టర్బో వేసుకున్న మియాటా వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఎర్ర చుక్క మీద మొదటి రన్: చక్రాల దగ్గర 306 హార్స్‌పవర్. పంపు పెట్రోలే, టెక్సస్‌లో దొరికే 93 ఆక్టేన్. తర్వాత ముందు విన్న మందు, ప్లస్ 1, మైనస్ 2; వాటిని క్యామ్ డిగ్రీలనుకుంటే క్రాంక్ లెక్కలో ఇంటేక్ 2 ముందుకి, ఎగ్జాస్ట్ 4 వెనక్కి. ఐడిల్‌లోనే తెలిసింది, ఇంటేక్ వైపు వ్యాక్యూమ్ 15 అంగుళాల (పాదరసం లెక్కలో) నుంచి 12కి పడిపోయి ఇంజన్ గుడుగుడుమంటూ, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన. రన్‌లో బూస్ట్ 150 ఆర్‌పీఎం ముందే వచ్చింది, అది ఒప్పుకోవాలి. కానీ 6,000 దాటాక గ్రాఫ్ కొండ దిగినట్టు దిగింది, 293. డైనో అబ్బాయి నవ్వి, ఇదే సెట్టింగ్‌తో పోయిన నెల ఒక ఎవో బాగా లాగిందన్నాడు. దానికి పెద్ద టర్బో ఉందట. పెద్ద టర్బో అంటే వెనక సందు వెడల్పు, అక్కడ ఓవర్‌ల్యాప్ పనికొస్తుంది. అంకె తప్పు కాదు, అది నా కారు అంకె కాదు.

ఎగ్జాస్ట్‌ని మళ్ళీ చుక్క మీదకి తెచ్చి ఇంటేక్ 2 ముందుకే ఉంచితే మధ్యలో టార్క్ 12 పౌండ్-ఫీట్ పెరిగింది, పైన 305, అంటే పోయిందేమీ లేదు. ఆశ పుట్టి ఇంటేక్‌ని 4కి తీసుకెళ్ళాను. మధ్యలో ఇంకా పెరిగింది గానీ 4,200 దగ్గర నాక్ కౌంట్ 7కి ఎగిరింది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఇగ్నిషన్‌ని వెనక్కి లాగేసింది, పైన 298. వెనక్కి 2కే వచ్చేశాను. అప్పుడు ఎగ్జాస్ట్‌ని ముందుకి జరపడం మొదలుపెట్టాను. 2 పెడితే 309. 4 పెడితే 311, ఫుల్ బూస్ట్ 3,750కి వచ్చింది, 3,500 దగ్గర టార్క్ పొద్దున్నటి కంటే 26 ఎక్కువ. 6 పెడితే మళ్ళీ అన్నీ కొంచెం కొంచెం తగ్గాయి, ఎగ్జాస్ట్ వేడి మాత్రం పెరిగింది. పిస్టన్‌ని తోయాల్సింది తోయకుండానే బయటికి పోతోందన్నమాట. 4 దగ్గర ఆగిపోయాను.

ఒక్క రోజు, ఏడు సెట్టింగులు, పీక్‌లో పెరిగింది 5 హార్స్‌పవర్. ఈ మాట చెప్తే ఆఫీసులో తెలుగు స్నేహితులు నవ్వుతారు, 5కి ఇంత ఖర్చా అని. పీక్ చూసేవాళ్ళకి నేనేం చెప్పలేను. కారు రోజూ తిరిగేది 3,000కీ 5,000కీ మధ్యనే, అక్కడ కారే మారిపోయింది. ఇంకొకటి, గేర్‌కి 10 డిగ్రీలు తిరిగే వీలుంది కదా అని 10 తిప్పకండి. ఇంటేక్‌ని ముందుకి జరిపినా, ఎగ్జాస్ట్‌ని వెనక్కి జరిపినా వాల్వు పిస్టన్‌కి దగ్గరవుతుంది. నేను క్యామ్ తయారుచేసిన వాళ్ళకి రాసి, నా ఇంజన్‌కి ఎంతవరకూ భయం లేదో కనుక్కున్నాకే దేన్నయినా ముట్టుకున్నాను.

చివర్లో ఈసీయూలోని అంకెలు మార్చే ఈసీయూఫ్లాష్‌లో 4,000 చుట్టుపక్కల ఇగ్నిషన్ 2 డిగ్రీలు తగ్గించాను, ఎందుకంటే ఇప్పుడు అక్కడ సిలిండర్ ముందుకంటే బాగా నిండుతోంది. తగ్గించాక నాక్ కౌంట్ 1, 2 దాటలేదు, టార్క్ కూడా తగ్గలేదు.

ఆ రాత్రి బాబాయ్‌కి గ్రాఫ్ ఫోటో పంపాను. ఆయన గ్రాఫ్ చూడలేదు, గేర్ ఫోటో పంపమన్నాడు. పంపితే, "ఆ ఐదు బోల్టులకీ లాక్ మందు పెట్టావా?" అని అడిగాడు. మూడింటికి పెట్టాను. రెండింటికి డైనో దగ్గర తొందరలో మర్చిపోయాను. ఆదివారం పొద్దున్నే కవర్ మళ్ళీ విప్పి ఒక్కో బోల్టే తీసి, తుడిచి, మందు పెట్టి, టార్క్ చూసి బిగించాను. అందులో ఒకటి అప్పటికే రవ్వంత వదులుగా ఉంది.

500 మైళ్ళు తిరిగాక మళ్ళీ చూశాను, బోల్టులు కదల్లేదు, ఎర్ర చుక్కకీ గీతకీ దూరం మారలేదు. కొత్త బెల్టు కొంచెం సాగి సర్దుకుంటుంది కాబట్టి దసరా సెలవుల్లో... ఇక్కడ దసరాకి సెలవులెక్కడివి, థాంక్స్‌గివింగ్‌కి మళ్ళీ డిగ్రీ చక్రం పెట్టి కొలుస్తాను. ఆ కదలని అడ్జస్టర్లు రెండూ డబ్బాలో దాచాను. దాని మీద పెద్ద అక్షరాలతో "కొలవడానికి మాత్రమే" అని రాశాను, లేకపోతే ఏదో ఒక రాత్రి పదకొండింటికి వాటినే ఇంజన్‌లో పెట్టి బిగించేయగల మనిషిని నేను.